పది లక్షల్లో ఒకరు అన్నంత మాత్రాన దోషి కాడు

ప్రశ్న: మా తమ్ముడిపై దోపిడీ కేసు నడుస్తోంది. తలుపు గొళ్లెం మీద దొరికిన డీఎన్ఏ వాడితో కలిసిందని, అలా కలవడం పది లక్షల్లో ఒకరికే జరుగుతుందని ల్యాబ్ రిపోర్టు ఇచ్చింది. 'కాబట్టి ఇతను నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటే' అని పీపీ (ప్రభుత్వ న్యాయవాది) వాదించారు. వాడు అలాంటివాడు కాదు. అమ్మ టెన్షన్‌తో మంచం పట్టింది. వారం ముందు వాడు ఆ ఇంటికి వెళ్లాడని చెప్పడానికి మా బంధువు ఒకాయన సిద్ధంగా ఉన్నారు. చెప్పించమంటారా?

జవాబు: చెప్పించకండి. వెళ్లాడని చెప్పడమంటే ఆ డీఎన్ఏ మావాడిదేనని మీ నోటితో మీరే ఒప్పుకోవడం. అది అబద్ధమని తేలితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 229 కింద ఆయనకు ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు.

తమ్ముడి మంచితనం ఈ కేసును తేల్చదు. తేల్చేది పీపీ అన్న ఆ వాక్యమే. నేరంతో సంబంధం లేని మనిషి డీఎన్ఏ ప్రొఫైల్ కూడా యాదృచ్ఛికంగా కలిసే అవకాశం పది లక్షల్లో ఒకటని రిపోర్టు అంటోంది. కలిసిన మనిషి నిర్దోషి అయ్యే అవకాశం ఎంతో అది చెప్పలేదు, చెప్పడం దానికి సాధ్యమూ కాదు. ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1996లో డొహెనీ కేసులో ఇదే తప్పును ఎత్తిచూపింది. పది లక్షల్లో ఒకరికి ఉండే ప్రొఫైల్ బ్రిటన్‌లో సుమారు 26 మంది మగవాళ్లకు ఉండవచ్చనీ, వేరే ఆధారం లేకపోతే నిందితుడు ఆ 26 మందిలో ఒకడు మాత్రమేననీ వివరించింది. డొహెనీ శిక్ష రద్దయింది. అలాగని రిపోర్టు చెల్లదని మాత్రం వాదించకండి. అదే తీర్పులో రెండో నిందితుడి శిక్ష నిలిచింది. వేరే ఆధారం తోడైతే ఆ అంకె చాలా బలమైనదే.

కాబట్టి మీ తమ్ముడు పోలీసులకు ఎలా దొరికాడు? ముందే అనుమానించి పట్టుకున్నారా, లేక చాలామంది శాంపిళ్లు చూసి, కలిసింది కనుక పట్టుకున్నారా? సొత్తు రికవరీ, గుర్తింపు పరేడ్, ఫోన్ లొకేషన్ ఏమైనా ఉన్నాయా? ఇంత ముఖ్యమైన సంగతి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నిపుణుణ్ణి ప్రశ్నించకుండానే రిపోర్టు కోర్టులో సాక్ష్యంగా నమోదు (మార్క్) అవుతుంటే చూస్తూ ఊరుకోవడం ఇంకా పెద్ద నిర్లక్ష్యం.

తీర్పు రాకముందే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 348 కింద, ఆ నిపుణుణ్ణి పిలిపించమని మీ వకీలుతో పిటిషన్ వేయించండి. ల్యాబ్ వర్క్‌షీట్లు, గ్రాఫులు తెప్పించమనండి. అది ఒక్కరి డీఎన్ఏనా, పలువురిది కలిసిన కలగాపులగమా? ఎన్ని లోకస్‌లు (డీఎన్ఏలో పోల్చి చూసే స్థానాలు) కలిశాయి? ఆ అంకె ఏ జనాభా లెక్క నుంచి వచ్చింది? తోడబుట్టినవాళ్లకూ ఇదే అంకె వర్తిస్తుందా? వర్తించదు, వాళ్ల మధ్య కలిసే అవకాశం చాలా ఎక్కువ. చివరగా, 'నిర్దోషి అయ్యే అవకాశం మీరు లెక్కగట్టారా?' అని అడగాలి. నిజాయితీ గల నిపుణుడు లేదనే అంటాడు. ఆ జవాబు రికార్డులోకి ఎక్కాలి.

పిటిషన్ కొట్టేసినా మీ అభ్యంతరం రాతపూర్వక వాదనల్లో ఉండి తీరాలి. ఒకవేళ శిక్ష పడితే హైకోర్టులో అప్పీలుకు సాధారణంగా 60 రోజులు, సెషన్స్ కోర్టులో అయితే 30. ధ్రువీకృత నకలు కోసం తీర్పు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి.