మూడు నెలల ఫీజు కట్టే ముందు రెండేళ్ల ఖర్చు లెక్కేయండి

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయికి 22 ఏళ్లు. ఇంజినీరింగ్ మూడో ఏడులో గంజాయి, తాగుడు అలవాటయ్యాయి. ఆరు నెలలుగా ఎవరో తనను వెంటాడుతున్నారంటాడు, రాత్రిళ్లు నిద్రపోడు. తిరుపతిలో డాక్టరు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు నమ్మే మానసిక జబ్బు) అని చెప్పి మాత్రలు రాశారు. ఒక డీ-అడిక్షన్ సెంటర్ వాళ్లు మూడు నెలలకు 1,80,000 రూపాయలు ముందే కట్టమంటున్నారు. మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేస్తారు, జీతం 24,000. ఇంటిల్లిపాదికీ 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. అమ్మాయి పెళ్లికని దాచిన 11 సవర్ల నగలు కుదువ పెట్టేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. బిడ్డ వైద్యానికి కాకపోతే నగలెందుకని మీరు అనుకోవచ్చు, అది నిజమే. కానీ ఆ సెంటర్‌లో సైకియాట్రిస్టు ఉన్నారో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నాకు భయమేసింది అక్కడే.

మా పిన్ని కొడుకుదీ ఇదే కథ. సెంటర్‌లో చేర్చిన రోజే "ఇక్కడ మాత్రలు ఉండవు, అవీ మత్తే" అంటూ వాడి మాత్రల డబ్బా పిన్ని చేతిలో పెట్టేశారు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కి ఇంటికొచ్చేసింది. నలభయ్యో రోజున ఫోన్: అన్నంలో విషం కలిపారని తినడం మానేశాడు, వచ్చి తీసుకెళ్లండి అని. కట్టిన డబ్బుకు రసీదు నంబరు కూడా లేని తెల్లకాగితం. పైసా వెనక్కి రాలేదు. ఆ ఫీజు కోసం కుదువ పెట్టిన గొలుసు చివరికి వేలానికి పోయింది.

గంజాయి మానేస్తే బుర్ర అదే కుదుటపడుతుందని కొందరు, జబ్బు తగ్గితే అలవాటు అదే పోతుందని ఇంకొందరు చెబుతారు. రెండూ నమ్మకండి. రెండింటికీ ఒకేచోట, ఒకేసారి వైద్యం జరగాలి. ఇంకో మాట, రోజూ తాగే మనిషిని ఇంట్లో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది.

ముందు తిరుపతి రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించండి, అది ప్రభుత్వ ఆసుపత్రి. మీకు వేలూరు పక్కనే కాబట్టి బాగాయంలోని సీఎంసీ మానసిక వైద్య కేంద్రాన్నీ అడగండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసనాలకే ప్రత్యేక విభాగం ఉంది, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఫీజులో రాయితీ కూడా ఇస్తారు. ఇలాంటి చోట్ల ఇంటి మనిషి తోడుండాల్సి వస్తుంది, కాబట్టి ఆ రోజులకు మీ ఆయన సెలవు దొరుకుతుందా, జీతం కోత పడుతుందా అన్నది ఇప్పుడే చూసుకోండి. కేంద్రం గ్రాంటుతో నడిచే ఉచిత పునరావాస కేంద్రాల వివరాలకు 14446కు, మానసిక సమస్య గురించి మాట్లాడటానికి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చుండదు.

అయినా ఆ ప్రైవేటు సెంటర్‌కే వెళ్లాలనుకుంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి సర్టిఫికెట్ చూడండి. సైకియాట్రిస్టు వారానికి ఎన్ని రోజులు వస్తారు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు కొనసాగిస్తారా, నెలనెలా కట్టొచ్చా, మీరు వెళ్లి చూడొచ్చా అని అడగండి. రోగిని గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం నిషేధించింది. జవాబు చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి.

ఇక పాలసీ. మానసిక జబ్బుకు కూడా శరీరపు జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. కానీ చాలా పాలసీల్లో మద్యం, మత్తుపదార్థాల అలవాటుకు చేసే వైద్యం మినహాయింపుల జాబితాలో ఉంటుంది. మీ అబ్బాయికి రెండూ ఉన్నాయి కాబట్టి గొడవ వచ్చేది ఇక్కడే. చేర్చే ముందే ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పాలసీ కాపీ చూపించి, సైకోసిస్ చికిత్సకు క్లెయిమ్ వస్తుందా అని రాతపూర్వకంగా అడిగించండి. గంజాయి సంగతి దాచమని డాక్టరును బతిమాలకండి, వైద్యమూ చెడుతుంది, క్లెయిమూ చెడుతుంది. తిరస్కరిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆసుపత్రిలో చేరకుండా ఓపీలో చూపించుకుని కొనే మాత్రలకు మాత్రం చాలా పాలసీలు డబ్బివ్వవు.

ఇప్పుడు నగల లెక్క. బయట రెండు రూపాయల వడ్డీకి 1,80,000 తెస్తే వడ్డీయే నెలకు 3,600, ఏడాదికి 24 శాతం. 24,000 జీతంలో అది మోయలేని బరువు. పైగా మూడు నెలలయ్యాక బాబు ఇంటికొస్తాడు, అసలు ఖర్చు మొదలయ్యేది అప్పుడు. నెలనెలా మాత్రలు, చెకప్పులు, బస్సు చార్జీలు, ఒక్కోసారి మళ్లీ చేర్చాల్సి రావడం. అదే 1,80,000ను 24 నెలలకు పంచి చూడండి, నెలకు 7,500 అవుతుంది. ఆ డబ్బుతో రెండేళ్లు వైద్యం ఆగకుండా నడిపించొచ్చు. సైకోసిస్‌కు వాడే రిస్పెరిడోన్, ఒలాంజపైన్ లాంటి మాత్రలు జన ఔషధి షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. డాక్టరును అడగకుండా మాత్రం మార్చకండి.

మీ ఆయన పీఎఫ్ నుంచి కుటుంబ సభ్యుల వైద్యానికి అడ్వాన్స్ తీసుకోవచ్చు. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. రిటైర్మెంట్ డబ్బు తరుగుతుంది కాబట్టి అవసరమైనంతే తీయండి. అదీ చాలకపోతే రెండు మూడు సవర్లు మాత్రం, అదీ బ్యాంకులో పెట్టండి. మిగతావి కదిలించకండి.

ఏటీఎం కార్డు, ఫోన్‌పే ఉన్న ఫోను బాబుకు అందే చోట పెట్టకండి. దొంగ అని కాదమ్మా, జబ్బులో ఉన్నాడని. ఈ సోమవారం పాత ప్రిస్క్రిప్షన్, మాత్రల స్ట్రిప్పులు, పాలసీ కాపీ ఒకే సంచిలో పెట్టుకుని ఓపీకి వెళ్లండి. డాక్టరు ఏం చెప్పారో, ఎంత ఖర్చవుతుందన్నారో రాయండి. అప్పుడు నగల సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.