ఎన్నారై సందేహాలు: పక్క వీధి చర్చికా, దూరాన ఉన్న తెలుగు సంఘానికా?

ప్రశ్న: అక్కా, మాది కరీంనగర్. సీఎస్ఐ సంఘంలో పుట్టి పెరిగాను. నర్సుగా ఇంగ్లండ్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా వారు నాతోనే వచ్చారు, ఆయనకు ఇంకా ఉద్యోగం దొరకలేదు. మేముండే చిన్న పట్టణంలో, ఇంటికి దగ్గరలోనే ఒక మెథడిస్టు చర్చి ఉంది. ఒకసారి వెళ్లి చూశాం. ఇరవై మంది కూడా లేరు, అందరూ ముసలివాళ్లే. తెలుగు ఆరాధన జరిగే చోటికి కారులో దాదాపు రెండు గంటలు పడుతుంది. అందుకని ఆదివారాలు ఇంట్లోనే కూర్చుని ఫోనులో మా ఊరి ఆరాధన చూస్తున్నాం. ఇక్కడ కానుకలు, దశమభాగం ఎలా ఇస్తారో కూడా తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు:

చెల్లీ, నడిచి వెళ్లగలిగిన చర్చికే వెళ్లు. పండుగకో పబ్బానికో తెలుగు సంఘానికి వెళ్లవచ్చు, ఎవరూ కాదనరు. కానీ ప్రతి ఆదివారం కూర్చునే చోటు, పనుల పట్టికలో నీ పేరు ఉండే చోటు మాత్రం పక్క వీధిలోదే కావాలి. ఎందుకో చెప్పడానికి నువ్వు చివర్లో మొహమాటపడుతూ అడిగిన కానుకల సంగతి నుంచే మొదలుపెడతాను. ఎవరు ఏది అడిగినా డబ్బు దగ్గరికే తీసుకుపోతానని మా వారు ఎగతాళి చేస్తారు. చేయనీ. కాజీపేటలో ఇరవయ్యో తారీఖుకల్లా జీతం అయిపోయే ఇంట్లో పెరిగాను. ఇక్కడ ఇల్లు కొన్నాం, అప్పు తీర్చాం, ఇద్దరు పిల్లలను చదివించాం. లెక్క చూసుకోకుండా అదంతా జరగలేదు.

మేం వచ్చిన కొత్తలో ఆదివారం వచ్చిందంటే తెలుగు నర్సులమంతా పెద్ద నగరానికి బయలుదేరేవాళ్లం. పెట్రోలు, పార్కింగు, ఆరాధన తర్వాత హోటల్లో భోజనం, ఎవరో ఒకరి బిడ్డ పుట్టినరోజుకు బహుమతి, పోయినసారి కట్టిన చీర ఈసారి కట్టకూడదన్న పట్టింపు. రాత్రి ఇంటికి వచ్చి లెక్క చూస్తే వారం సరుకుల డబ్బు ఎగిరిపోయేది. పైగా అక్కడ చేసే పనేమీ లేదు. పాడేవాళ్లు పాడతారు, మైకు పట్టేవాళ్లు పడతారు, మనం వెళ్లి కూర్చుని వస్తాం.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ పరిచయాల్లోనే ఒకాయన చిట్టీ నడిపేవాడు. ప్రార్థన చేసి మరీ పాట మొదలుపెట్టేవాడు. ప్రార్థన చేసేవాడు మోసం చేస్తాడా అనుకుని నేనూ చేరాను. కాగితం లేదు, సంతకం లేదు, అన్నా చెల్లీ అనుకునే వరస ఒక్కటే ఉంది. నా వంతు దగ్గరపడే సమయానికి ఆయన ఊరు మారాడు, ఫోను నంబరూ మారింది. ఇదే రోజుల్లో మా ఊరి సంఘం నుంచి కొత్త గుడి కట్టడానికి సాయం చేయమని పిలుపు వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉన్న అమ్మాయి తక్కువ ఇస్తే ఏం బాగుంటుందని క్రెడిట్ కార్డు మీద తీసి పంపాను. దాతల పేర్లు చెక్కిన గ్రానైటు ఫలకం మీద నా పేరు ఇప్పటికీ ఉంది, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో. ఆ కార్డు వడ్డీ ఎంతకాలం కట్టానో చెబితే నీకు నిద్ర పట్టదు.

చివరికి కారు పాడైంది, బాగుచేయించే డబ్బు లేదు. అందుకే నడిచి వెళ్లే చర్చికి వెళ్లాను. భక్తి ఎక్కువై వెళ్లానని నీకు అబద్ధం చెప్పను.

అక్కడ కూడా నా తెలివి డబ్బు దగ్గరే తప్పింది. మొదటి ఆదివారం కానుక పళ్లెంలో ఇరవై పౌండ్ల నోటు, మడత పెట్టకుండా, అందరికీ కనబడేలా వేశాను. ఆ పళ్లెం ముందు వరుసల్లో ఖాళీగా దాటిపోతుంటే ఎంత పిసినారి జనమో అనుకున్నాను. వాళ్లలో చాలామంది కానుక బ్యాంకు నుంచి నెలనెలా నేరుగా వెళ్లిపోతుందనీ, మిగిలినవాళ్లు కవర్లో పెట్టి ఇస్తారనీ చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆరాధన తర్వాత టీ ఇచ్చే బల్ల మీద చిల్లర వేసిన చిన్న పళ్లెం ఒకటి ఉండేది. టీకి వెల ఎంతో అడగడానికి మొహమాటం. అందుకని చివరి పాట కాగానే కోటు తగిలించుకుని బయటపడేదాన్ని. నేను డ్యూటీకి పరుగెత్తుతున్నానని వాళ్లు అనుకున్నారట. టీ ఉచితమే, ఆ చిల్లర ఇష్టమైనవాళ్లు వేసేది. ఎన్ని వారాలు ఉత్త పుణ్యానికి దాహంతో ఇంటికి వెళ్లానో!

కాబట్టి కానుక విషయంలో నా మాట విను. ఏజెంటుకు కట్టిన అప్పు, ఊళ్లో తెచ్చిన అప్పు తీరేవరకు పెద్ద మొత్తాల జోలికి పోవద్దు. ఇబ్బంది లేకుండా ఇవ్వగలిగినంత, చిన్నదైనా సరే, నెలనెలా బ్యాంకు ద్వారా ఇవ్వు. ఎంత వస్తుందో ముందే తెలిస్తే కోశాధికారికి గ్యాసు బిల్లు దగ్గర తల తిరగదు. నీ జీతం మీద ఆదాయపు పన్ను పోతోంది కనుక గిఫ్ట్ ఎయిడ్ కాగితం అడిగి సంతకం పెట్టు. నువ్వు ఇచ్చే ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి చర్చికి ఇంకో 25 పెన్నీలు వస్తాయి, నీకు ఖర్చు లేదు. మీ వారు ఇంకా పన్ను కట్టడం లేదు, ఆయన సంతకం వద్దు. మిగతా నియమాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకో. దశమభాగం ఎంతిచ్చావని అక్కడ ఎవరూ అడగరు. మన దగ్గరలాగా కానుకల జాబితా మైకులో చదవరు.

ఆ చర్చికి నీ నోట్ల కన్నా నీ చేతులతో ఎక్కువ అవసరం. మెథడిస్టుల్లో ఒక పాస్టరు కింద నాలుగైదు చర్చిలు ఉండటం మామూలే. ఆ చుట్టుపక్కల చర్చిలన్నిటినీ కలిపి సర్క్యూట్ అంటారు. ఏ ఆదివారం ఏ చర్చిలో ఎవరు ప్రసంగిస్తారో కొన్ని నెలలకు ముందే పట్టిక వేస్తారు. పాస్టరు రాని వారాల్లో లోకల్ ప్రీచర్లు వస్తారు. వాళ్లు జీతం లేని మామూలు సభ్యులే. మన పల్లెల్లో పాస్టరుగారు రాని ఆదివారం సంఘపెద్ద వాక్యం చెప్పినట్టే. మరి తలుపు తీసేది, హీటరు వేసేది, పాటల నంబర్లు బోర్డు మీద పెట్టేది, పువ్వులు తెచ్చేది, టీ పెట్టేది ఎవరు? నువ్వు చూసిన ఆ ముసలివాళ్లే. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు కుర్చీలు మోస్తుంటే ముప్పై ఏళ్ల మనం చివరి వరుసలో కూర్చుని, ఇక్కడ మన వయసువాళ్లు లేరే అనుకుంటాం! చేతులు కరువై మూతపడి, ఇళ్లుగా మారిన చర్చి భవనాలు ఈ దేశంలో చాలానే ఉన్నాయి.

వసారా గోడకు వంతుల పట్టిక ఒకటి అంటించి ఉంటుంది, చూడు. టీ దగ్గర ఖాళీ గడులు ఉంటాయి. నేను మొదట పేరు రాసింది అక్కడే. వంటగదిలో లేత ఆకుపచ్చ కప్పులు, సాసర్లు, ఏ అరలో ఏవి పెట్టాలో రాసిన చీటీలు, నీళ్లు కాగబెట్టే పెద్ద స్టీలు పాత్ర. ఆ పాత్ర వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, మొదటి పాటకు ముందే స్విచ్చి వేయాలి. నేను ప్రసంగం అయ్యాక వేశాను. ఇరవై మందీ చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్లు ఏమీ అనకపోతే తప్పు జరిగినట్టే అని ఆ రోజే తెలిసింది. ఇంకో సంగతి, ఆ వంటగదిని ఏళ్లుగా ఏలుతున్న ఒక పెద్దావిడ తప్పకుండా ఉంటుంది. మొదటి ఏడాది అరలు మార్చే ఆలోచన చేయకు. ఆవిడ పక్కన నిలబడి కప్పులు తుడువు చాలు. ఈ దేశపు ఇంగ్లీషు నాకు ఆసుపత్రిలో కన్నా ఆ సింకు దగ్గరే ఎక్కువ వచ్చింది.

తలా ఒక వంటకం తెచ్చుకునే భోజనాలు ఉంటాయి. అప్పుడు మన గొప్ప చూపించాలని దబరాలకు దబరాలు బిర్యానీ వండుకుపోకు. నేను వండుకుపోయాను. వాళ్లు తలా రెండు చెంచాలు పెట్టుకుని, చాలా బాగుందని చెప్పి, ఉడకబెట్టిన బంగాళాదుంపల దగ్గరికి వెళ్లారు. మిగిలింది మేం వారమంతా తిన్నాం. బాసుమతి బియ్యం ధర అప్పట్లో నాకు తక్కువేమీ కాదు. ఒక డబ్బా సకినాలు తీసుకువెళ్లు, చవకా, నిలవా. అయితే వాటిలో నువ్వులు ఉంటాయి. ఇక్కడి తిండి నియమాల్లో తప్పక చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో నువ్వులు ఒకటి, వేరుశనగ ఇంకొకటి. డబ్బా పక్కన చిన్న అట్ట మీద బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె అని ఇంగ్లీషులో రాసిపెట్టు. సర్వపిండి తీసుకువెళితే పల్లీల సంగతి ముందే నోటితో చెప్పు. సకినం మీద ఆ చుట్లు చేత్తో ఎలా తిప్పుతారని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పిండి కలిపి చూపించు. మా చర్చిలో క్రిస్మస్ ముందు ఒక శనివారం గుడ్డ పరిచి అందరూ సకినాలు చుడతారు. వాళ్లవి గుండ్రంగా రావు, తినేటప్పుడు ఎవరూ పట్టించుకోరు.

సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో కోతకాల పండుగ వస్తుంది. మన దగ్గర కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి ఆరాధన తర్వాత వేలం వేస్తారు కదా. నేను ఆ ఊహతోనే వెళ్లి వేలం ఎప్పుడని అడిగాను. ఇక్కడ తెచ్చిన డబ్బాలూ పొట్లాలూ పేదల ఫుడ్ బ్యాంకుకు వెళతాయి. ఆ రోజు పప్పు డబ్బా ఒకటి పట్టుకెళ్లు.

నువ్వు సీఎస్ఐ బిడ్డవు. ఆ చర్చి నీకు పరాయిది కాదు. ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు మరికొన్నిటితో కలిసి 1947లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మీ సీఎస్ఐ, అయ్యాయి. మాది హనుమకొండ బాప్టిస్టు సంఘం, మేం ఆ కలయికలో చేరలేదు. నీకు మాత్రం మెథడిస్టులు అమ్మమ్మ తరఫు చుట్టాలు. మీ కరీంనగర్ కథెడ్రల్ పేరులోనే మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ ఉన్నాడు. కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ మెదక్ చర్చి కట్టించి, 1924 క్రిస్మస్‌కు ప్రారంభించిన పాస్నెట్ దొర మెథడిస్టు మిషన్ మనిషే. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ కూడా ఆ మిషన్‌తోనే వచ్చింది, దానికి డబ్బు సాయం చేసింది మన నర్సాగౌడ్. మీ చర్చిలోని ముసలివాళ్లను అడిగి చూడు. చిన్నప్పుడు విదేశీ మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగి పెన్నీలు పోగుచేసినవాళ్లు దొరుకుతారు. డిచ్‌పల్లి గురించి ఒక పదినిమిషాలు చెప్పు, ఆ వారం టీ దగ్గర నిన్ను వదలరు.

ఆదివారం వెళ్లి కూర్చుని రావడంతో సరిపోదని మనవాళ్లకు ఎవరో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1912లో డోర్నకల్ బిషప్పు అయిన అజరయ్యగారు బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషి చేతా, తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు. కూలి చేసుకునేవాళ్లకూ మినహాయింపు లేదు. మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన కుండలో వేసేది, ఆదివారం అది గుడికి వెళ్లేది. అప్పు చేసి ఒక్క గింజ కూడా వేయలేదు. నేను పెద్ద చదువు చదువుకుని వచ్చి క్రెడిట్ కార్డు గీకాను.

ఇక చేయకూడనివి. సంఘంలో ఎవరి దగ్గరా అప్పు అడగకు, ఇవ్వకు. ఊరి సంఘం చందా విజ్ఞప్తులు మొదటి ఏడాదిలోనే అక్కడ పంచకు. చీరల వ్యాపారం, బీమా పాలసీలు చర్చి గుమ్మం బయటే వదిలిపెట్టు. నీకు ఆదివారం డ్యూటీలు పడతాయి కనుక రోస్టరు వచ్చాకే పట్టికలో పేరు రాయి. పేరు రాసి రాకపోవడం ఇక్కడ పెద్ద తప్పు. కుదరకపోతే ఇంకొకరితో వంతు మార్చుకుని ముందే చెప్పు. పిల్లల తరగతి చూసుకోమంటే నేర చరిత్ర తనిఖీ ఉంటుంది, దానికి నొచ్చుకోకు, అందరికీ ఉంటుంది.

మీ వారిని ఇంట్లో ఫోను ముందు కూర్చోబెట్టకు. మా వారూ మొదట్లో భాష రాదని రానన్నారు. గోడకు రంగు వేసే శనివారం ఒకటి వస్తే బ్రష్షు చేతికిచ్చి పంపాను. ఆ రంగుల దగ్గర పరిచయమైన ఒకాయన ద్వారానే గిడ్డంగిలో ఉద్యోగం ఉందని తెలిసింది. తర్వాత మాకు ఇల్లు అద్దెకు కావలసి వచ్చినప్పుడు, వీళ్లు మంచివాళ్లని ఉత్తరం రాసిచ్చింది చర్చి కోశాధికారే. ఏజెన్సీ వాళ్లు అడిగింది బ్యాంకు కాగితాలతో పాటు ఇక్కడ మనల్ని ఎరిగిన ఒక మనిషి మాట. తెలుగు సంఘంలో మనల్ని ఎరిగినవాళ్లు వంద మంది ఉన్నారు, వాళ్లూ మనలాగే నిన్నమొన్న వచ్చినవాళ్లే.

ఊరి ఆరాధన ఫోనులో చూడటం మానమనను, సాయంత్రం చూడు. పొద్దున ఆరాధన చాలా చోట్ల పదిన్నరకు మొదలవుతుంది. తలుపు పక్క బోర్డు మీద వేళ ఉంటుంది, పదిహేను నిమిషాల ముందే వెళ్లు. ఏ కుర్చీలో కూర్చోవాలో అడిగి కూర్చో. ఖాళీగా కనబడే కుర్చీ కూడా అక్కడ నలభై ఏళ్లుగా ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది.