మొక్కజొన్న, బీన్స్ పండించే చిన్న రైతులకు ఏ సాయం నిజంగా పనికొస్తుంది?

విత్తనాలు, ఎరువులు పంచితే చాలనుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది నిల్వ. కోత కాగానే అందరి పంటా ఒకేసారి మార్కెట్‌కి వచ్చి ధర పడిపోతుంది. ఇంట్లో ఉంచుదామంటే పురుగు టెన్షన్. గింజల్లో తేమ 13 శాతం లోపుకు వచ్చేదాకా ఎండబెట్టి, గాలి చొరబడని సంచుల్లో బిగించి కడితే ఆక్సిజన్ అందక పురుగు చస్తుంది, మందుతో పని లేదు.

తేమ మీటర్ లేదా? పొడి గాజు సీసాలో గింజలు, కాస్త పొడి ఉప్పు వేసి బాగా ఊపి, కాసేపు ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకుంటే ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. అంటుకోకపోతే సుమారు 15 శాతం లోపే; అయినా కట్టేముందు మరో ఎండ చూపించాలి.

ఇక ఎరువు సంగతి. బీన్స్ వేర్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి గానీ, పప్పుజాతి పంటల్లో ఈ పనికి బీన్స్‌ది కాస్త వెనకబెంచీనే. పక్కన బీన్స్ వేశాం కదా అని మొక్కజొన్నకు ఎరువు పూర్తిగా మానేయమని చెప్పకండి.