టాపు మడిచే పాత కారు: ఇంజన్ కంటే ముందు టాపు చూడు

ప్రశ్న: మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరి ఏడాదైంది. బటన్ నొక్కితే ఇనుప టాపు మడతపడి డిక్కీలోకి వెళ్ళిపోయే పాత ఫోక్స్‌వ్యాగన్ ఈఓస్ ఒకటి తక్కువలో వస్తోంది. టాపు బాగానే పనిచేస్తోందని అమ్మే ఆయన అంటున్నాడు. తీసుకోవచ్చా అన్నయ్యా?

జవాబు: తమ్ముడూ, అమ్మేవాడు "టాపు బాగానే పనిచేస్తోంది" అంటే ఆ మాట ఆ రోజు వరకే. ఇవాళ నున్నగా మడతపడిన టాపు వచ్చే నెల వర్షంలో సగం లేచి ఆగిపోవచ్చు. అప్పుడు వచ్చే బిల్లు, కారు పాతదైతే, నువ్వు కొన్న ధరలో సగం దాకా పోయినా ఆశ్చర్యం లేదు. అందుకే నా మొదటి మాట డబ్బు గురించే. కారు ధరలో కనీసం నాలుగో వంతు, టాపు కోసమని విడిగా బ్యాంకులో ఉంచుకోగలిగితేనే ఇలాంటి కారు వైపు చూడు. చదువు లోను ఇంకా తీరకపోతే, నాన్నగారు రొయ్యల చెరువు మీద తెచ్చిన అప్పు ఇంకా ఉంటే, మామూలు టాపున్న కారు కొనుక్కో. జీతం డాలర్లలో వస్తోంది కదా అని కొత్తగా వచ్చిన పిల్లలు మర్చిపోయేది ఇదే: మెకానిక్ బిల్లు కూడా డాలర్లలోనే వస్తుంది. డీలరు షెడ్డులో గంట కూలీ 150 నుంచి 250 డాలర్ల దాకా ఉంటోంది. టాపు పనిలో సామాను ఖరీదు కంటే, లోపలి తొడుగులన్నీ విప్పి మళ్ళీ బిగించే గంటలే ఎక్కువ.

ఈ రకం టాపులు 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కేతో బాగా ప్రచారంలోకి వచ్చాయి. తర్వాత పదిహేనేళ్ళ పాటు అందరూ చేశారు. ఈఓస్ 2006లో మొదలై 2015లో ఆగిపోయింది. వోల్వో సీ70 2013లో ఆగింది. బీఎండబ్ల్యూ 4 సిరీస్, మెర్సిడెస్ ఎస్ఎల్ కొత్త మోడళ్ళలో మళ్ళీ గుడ్డ టాపుకే వెళ్ళాయి. అంటే సెకండ్ హ్యాండ్‌లో నీకు దొరికేవి చాలావరకు వయసు మీరిన బళ్ళే. బీడింగులు (అతుకుల దగ్గర నీళ్ళు ఆపే రబ్బరు పట్టీలు) ఎండిపోయి, ఆయిల్ సీళ్ళు గట్టిపడి ఉంటాయి. కిలోమీటర్లు తక్కువ తిరిగిందని సంబరపడకు. వాడకుండా ఉంచిన టాపు వాడిన టాపు కంటే ముందే మొరాయిస్తుంది, ఎందుకంటే రబ్బరుకు వయసే శత్రువు.

లోపల జరిగేది ఇది. ఎక్కువ కార్లలో డిక్కీలో ఒక కరెంటు పంపు ఉంటుంది. అది ఆయిల్‌ని సన్నటి గొట్టాల్లోంచి సిలిండర్లలోకి తోస్తుంది. కారును బట్టి ఆ సిలిండర్లు ఐదు నుంచి పదికి పైగా ఉంటాయి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పడానికి ప్రతి కీలు దగ్గరా సెన్సర్లుంటాయి. ఒక్క సెన్సర్ నుంచి కబురు రాకపోతే కంప్యూటరు మొత్తం పని ఆపేస్తుంది. అందుకే "టాపు పోయింది" అన్న కేసుల్లో చాలా వాటికి అసలు కారణం చిన్నదే. పంపుకు కరెంటు బాగా కావాలి, కాబట్టి నీరసించిన బ్యాటరీ ఒక కారణం. డిక్కీలో సామాను మీద లాగి తగిలించే తెర కొక్కెంలో పడకపోవడం ఇంకొకటి. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో డిక్కీ మూత కీలు దగ్గర వైర్లు వంగి వంగి తెగుతాయి. ఈ మూడూ చూడకుండా పంపు మార్చాలనే మెకానిక్ దగ్గర్నుంచి బయటికొచ్చేయ్.

పరీక్ష ఇలా చెయ్యి. ఇంజన్ ముందుగా వేడి చేసి ఉంచొద్దని అమ్మేవాడికి చెప్పు. సమతలంగా ఉన్న చోట ఇంజన్ స్టార్ట్ చేసి, చల్లగా ఉండగా ఒకసారి తెరిచి మూయించు. అరగంట తిప్పాక మళ్ళీ ఒకసారి, ఆ వెంటనే ఇంకోసారి. ఫోనులో సెకన్లు చూసుకో. ఈఓస్‌కి పాతిక సెకన్ల చుట్టూ పడుతుంది, 2004-2011 మధ్య ఎస్ఎల్‌కేకి 22, 2001-2011 మధ్య ఎస్ఎల్‌కి 16, మాజ్దా ఎమ్ఎక్స్-5కి 12. అంతకంటే బాగా ఆలస్యమైతే ఆయిల్ తగ్గిందో, పంపు అలసిపోయిందో, బ్యాటరీ చాలడం లేదో చూడాలి. పంపు కీచుమంటూ గొంతు పెంచుతుంటే, టాపు మాత్రం కదలకపోతే, లోపల గాలి చేరిందన్నమాట. కారు వెనక నిలబడి రెండు పక్కలా సమానంగా లేస్తోందా అని చూడు. ఒక పక్క వెనకబడితే ఆ పక్క సిలిండరు కారుతోందనో, కీలు వంగిందనో అనుమానించాలి. చివర్లో అద్దాలు వాటంతట అవి పైకొచ్చి బీడింగులో కూర్చోవాలి.

తర్వాత చేత్తో వెతుకు. మెర్సిడెస్ అయితే ముందు అద్దం పైన, సన్ వైజర్లు ఉండే చోట వేలితో రుద్దు. జిడ్డు తగిలినా, గుడ్డ మీద నూనె మరక కనిపించినా, టాపును ముందు పట్టి ఉంచే సిలిండరు సీలు పోయినట్టే. అది అక్కడి నుంచి బొట్లు బొట్లుగా డ్రైవర్ ఒళ్ళో పడుతుంది. డిక్కీ పక్క తొడుగు తీయించి ఆయిల్ మట్టం చూడు. ఇది మూసి ఉన్న వ్యవస్థ, ఆయిల్ ఖర్చయ్యే పని లేదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. "కాస్త ఆయిల్ పోస్తే సరిపోతుంది" అన్న మాట వింటే ధర తగ్గించమను, లేదా వదిలేయ్. మట్టం చూసేటప్పుడు టాపు తెరిచి ఉండాలా మూసి ఉండాలా అన్నది మాన్యువల్లో ఉంటుంది. తప్పు స్థితిలో చూస్తే ఎక్కువ పోసేస్తారు. ఆయిల్ కూడా అందులో రాసిన రకమే పోయాలి. పొరపాటున బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్ళన్నీ ఉబ్బి పాడవుతాయి. కారే సిలిండరుకి కొత్తది వేయాల్సిన పని లేదు. విప్పి పంపితే మంచి సీళ్ళు వేసి తిరిగి ఇచ్చే షాపులు అమెరికాలో ఉన్నాయి, కొత్తదాని ధరలో కొంత భాగానికే పనవుతుంది. ఒకటి పోయిందంటే మిగతావాటి వయసూ అంతే, కాబట్టి ఎలాగూ విప్పినప్పుడు అన్నీ కలిపి చేయించడం లాభం.

ఇక నీళ్ళు. మన వైపు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. యనమదుర్రు డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుంటే చేలు ఎలా మునుగుతాయో, ఈ కార్లూ అలాగే మునుగుతాయి. బీడింగు దాటి కొన్ని నీళ్ళు లోపలికి రావడం వీటిలో మామూలే. వాటిని కిందికి పంపే గొట్టాలు ఆకులతో, మట్టితో పూడుకుపోతే నీళ్ళు కార్పెట్లోకి మళ్ళుతాయి. ఎమ్ఎక్స్-5లో ఈ రంధ్రాలు సీట్ల వెనక రెండు పక్కలా ఉంటాయి. వేలు పెట్టి చూస్తే నల్లగా కుళ్ళిన ఆకుపిండి వస్తుంది. శుభ్రం చేయడానికి గడ్డి కోసే యంత్రం నైలాన్ తీగ వాడు. గాలి ఒత్తిడితో కొట్టిస్తే గొట్టం లోపలే ఊడిపోతుంది, అప్పుడు ఇంకో వెయ్యి డాలర్ల వెతుకులాట. కొనేముందు పది నిమిషాలు తోట పైపుతో టాపు మీద సన్నగా నీళ్ళు పట్టి, ముందు సీట్ల కింద, డిక్కీ అడుగున స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి చూడు. సుగంధం స్ప్రే ఘాటుగా కొట్టి ఉంటే ముక్కవాసన కప్పిపెట్టారని అర్థం. తడి కంప్యూటరు పెట్టెల దాకా వెళ్తే ఆ కారు ఎంత చవకైనా వద్దు.

నువ్వడిగిన ఈఓస్ సంగతి. దాని టాపు ఐదు ముక్కలు, మధ్యలో సన్‌రూఫ్ కూడా. అంటే అన్నిటికంటే ఎక్కువ అతుకులు, ఎక్కువ బీడింగులు. ఆరు నెలలకోసారి బీడింగులన్నిటికీ కంపెనీ చెప్పిన గ్రీజు (నంబరు జీ 052 172) పల్చగా పట్టించిన కారైతే బాగా ఉంటుంది. పట్టించనిది కారుతుంది, కిర్రుమంటుంది. వ్యాజలీన్ లాంటి పెట్రోలియం జిడ్డు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. "బీడింగులకి ఏం రాస్తారు?" అని అమ్మేవాణ్ణి అడుగు. వెంటనే చెప్పగలిగితే ఆ కారు గురించి మాట్లాడొచ్చు, తెల్లమొహం వేస్తే నమస్కారం పెట్టి వచ్చేయ్. లోపాలు చదవడానికి పాతిక డాలర్ల స్కానర్ చాలదు, అది ఇంజన్ వరకే చూస్తుంది. టాపు లోపాలు కూడా చదివే సాఫ్ట్‌వేర్, అంటే ఫోక్స్‌వ్యాగన్‌కి వీసీడీఎస్, బీఎండబ్ల్యూకి ఇస్టా, మెర్సిడెస్‌కి జెంట్రీ ఉన్న స్వతంత్ర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళు. 150 నుంచి 300 డాలర్లు తీసుకుని మొత్తం చూసి చెబుతాడు. అక్కడ కక్కుర్తి పడొద్దు.

ఇద్దరే తిరిగేటట్టయితే నా ఓటు 2007 మోడల్ తర్వాతి ఎమ్ఎక్స్-5 గట్టి టాపుకి. అందులో ఆయిల్ లేదు, కరెంటు మోటార్లే, కారడానికి సిలిండరే లేదు. టాపు సీట్ల వెనక సర్దుకుంటుంది కాబట్టి డిక్కీ చోటూ తగ్గదు. మిగతావాటిలో టాపు మడిస్తే డిక్కీ దాదాపు నిండిపోతుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి ఆవకాయ జాడీలు, ఆత్రేయపురం పూతరేకులు ఉన్న 23 కిలోల పెట్టెలు డిక్కీలో వేసి, సరదాకి బటన్ నొక్కొద్దు. చాలా కార్లలో సెన్సరు తెర తగిలించి ఉందా అనే చూస్తుంది, కింద పెట్టె ఎత్తెంతో చూడదు. వెనక అద్దం పగిలితే బిల్లు వేలల్లో ఉంటుంది.

గడ్డకట్టే చలిలో, మంచు పేరుకున్నప్పుడు టాపు కదపొద్దు, అంటుకున్న బీడింగు చిరుగుతుంది. సగంలో ఆగిపోతే కింద చెయ్యి గానీ తల గానీ పెట్టొద్దు, ఒత్తిడి పోతే బరువంతా మీద పడుతుంది. మాన్యువల్లో అత్యవసరంగా మూసే పద్ధతి, దానికి కావలసిన చిన్న తాళం ఎక్కడుందో కొన్న రోజే చూసుకో. చాలావాటికి ఇద్దరు మనుషులు కావాలి.

రూల్స్ క్లుప్తంగా: అమెరికాలో డీలరు అద్దానికి అంటించే బయ్యర్స్ గైడ్‌లో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టు, వారంటీ లేకుండా) అని ఉంటే తర్వాత టాపు నీ బాధ్యతే. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొంటే బీడింగులు, నీటి కారుడు మినహాయించారేమో ఆ పేజీ చదువు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి డీలరు దగ్గర కొంటే, 2015 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నప్పుడే లోపం ఉందని తేలితే 30 రోజుల్లో తిప్పి ఇచ్చే హక్కుంది, వ్యక్తి దగ్గర కొంటే లేదు. మిగతావి ప్రభుత్వ సైట్లలో ఉన్నాయి.

మెకానిక్ రాసిచ్చిన లోపాల జాబితాలో ప్రతిదాని పక్కనా ఖర్చు వేయించుకుని, ఆ మొత్తం అడిగిన ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టు. మెకానిక్‌కి చూపించడానికే అమ్మేవాడు ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకు.