టీవీలో పాడిన పాప ఇప్పుడు నాటకాలు, సొంత పాటలు అంటోంది

"మేడమ్, మాది వరంగల్ కొత్తవాడ. మా అమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు టీవీ పాటల పోటీలో పాడింది. ఆ తర్వాత రెండు సీరియళ్లలో చిన్నపిల్ల వేషాలు వేసింది. పన్నెండేళ్లు దాటాక ఎత్తు పెరిగింది, పిలుపులు ఆగిపోయాయి. ఇప్పుడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఎంసెట్ కోచింగ్‌కు పోతూనే 'నేను నాటకాలు వేస్తా, నా పాటలు నేనే రాసుకుని పాడతా' అంటోంది. వాళ్ల నాన్న 'అయిపోయింది గదా ఆ ముచ్చట' అంటున్నాడు. చుట్టాలు కనిపిస్తే చాలు, 'ఇప్పుడు టీవీల వస్తలేవేంది బిడ్డా?' అని అడుగుతారు. అది లోపలికి పోయి తలుపేసుకుంటుంది. రెండు వీడియోలు పంపుతున్నా, ఒకటి అప్పటిది, ఒకటి మొన్నటిది. దీంట్లో బతుకుదెరువు ఉంటుందా? చెప్పండి." - ఒక తల్లి, వరంగల్

అమ్మా, మీరు పంపిన రెండు వీడియోలూ ఒకదాని తర్వాత ఒకటి, మూడేసి సార్లు చూశాను.

మొదటి దాంట్లో తొమ్మిదేళ్ల పాప ఉంది. మెరుపుల గౌను, రెండు జడలు. ఎక్కడా శ్రుతి తప్పలేదు. ప్రతి లైను చివరా కెమెరా వైపు తిరిగి నవ్వింది, చెయ్యి ఎక్కడ లేపాలో అక్కడే లేపింది. పాట సినిమాది, నవ్వు ఎవరో నేర్పినది. రెండోది మీ మేడ మీద తీసింది. వెలుతురు సరిగా లేదు. కింద మగ్గం చప్పుడు వినబడుతోంది. పిల్ల కెమెరా వైపు చూడటమే లేదు, నోట్‌బుక్ చూసి పాడుతోంది. ఒకచోట శ్రుతి జారింది. ఆగి, ఆ లైనే మళ్లీ అందుకుంది. "పోగు తెగితె ముడేస్తవు బాపమ్మా, మాట తెగితె ఏమేస్తవే?" అని. ఆ లైను విన్నాక నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. పదిహేడేళ్ల పిల్ల, తన ఇంట్లో రోజూ చూసే పనిలోంచి తీసుకుని, తన యాసలోనే రాసిన మాట అది.

మీరంతా రెండో వీడియోలో పిల్ల తగ్గిపోయిందని అనుకుంటున్నట్టున్నారు. నాకైతే అక్కడే పని మొదలైనట్టు కనిపించింది.

చిన్నప్పుడు పేరొచ్చిన పిల్లలను ఈ పనిలో చాలామందిని చూశాను. వాళ్లకు చప్పట్లు పడింది ఒక విద్యకు: పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు, ముద్దుగా చేసి చూపడం. పెద్దయ్యాక అడిగే విద్య వేరే. నీకేం అనిపిస్తోంది, నీ గొంతుతో నువ్వేం చెబుతావు అని అడుగుతారు. మొదటిదాంట్లో ఫస్ట్ వచ్చిన పిల్ల రెండోదాంట్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టాలి. అందరూ చూస్తుండగా మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవడం ఆ వయసులో ఎంత కష్టమో ఆలోచించండి. ఆ తలుపేసుకోవడం అందుకే.

గొంతు సంగతి కూడా చెప్పాలి. మగపిల్లల గొంతు మారినంత పైకి తెలియకపోయినా, ఈడొచ్చేటప్పుడు ఆడపిల్లల గొంతూ మారుతుంది. స్థాయి కాస్త దిగుతుంది, కొన్నాళ్లు గాలి కలిసినట్టు ఉంటుంది. తొమ్మిదేళ్లప్పుడు పాడిన శ్రుతిలోనే ఇప్పుడూ పాడమని చుట్టాల పెళ్లిళ్లలో బలవంతపెట్టకండి. గొంతు లాగి లాగి పాడితే పాడైపోతుంది. తనకు ఇప్పుడు హాయిగా ఉండే శ్రుతి ఏదో ఒక గురువు దగ్గర కూర్చుని తేల్చుకోనివ్వండి.

మన దగ్గర పిల్లలు వేదిక ఎక్కడం కొత్తేం కాదు. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ చిన్నతనంలోనే గజ్జె కట్టి, ముసలితనం దాకా చిందు యక్షగానం ఆడింది. మగవేషాలు కూడా కట్టింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవకుశుల వేషాలతోనే మొదలుపెడతారు. తొలి తెలుగు టాకీలో నటించిన సురభి కమలాబాయి అలా పెరిగినావిడే. ఆమె నాటకం జరుగుతుండగా వేదిక మీదే పుట్టిందని చెప్పుకుంటారు. ఆ కుటుంబాల్లో పిల్ల ఎత్తు పెరిగి లవుడి వేషానికి పనికిరాకపోతే ఇంటికి పంపేయరు. తెర లాగుతుంది, లైట్లు చూస్తుంది, చెలికత్తెగా నిలబడుతుంది, హార్మోనియం పక్కన కూర్చుని వంత పాడుతుంది. నాలుగైదేళ్లకు పెద్ద వేషం దానంతట అదే వస్తుంది. టీవీలో ఆ మధ్య మెట్టు లేదు. పన్నెండేళ్లకు ఆపేసి, మళ్లీ ఇరవై ఏళ్లకు హీరోయిన్‌గా కావాలంటారు. మీ అమ్మాయికి ఇప్పుడు కావాల్సింది ఆ మధ్య మెట్టే. దాన్ని మనమే కట్టాలి, వరంగల్‌లో ఉండే కట్టొచ్చు.

ముందు చదువు. ఇక్కడ వాళ్ల నాన్నకూ అమ్మాయికీ గొడవ పడాల్సిన పనే లేదు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సుకు డిగ్రీ ఉండాలి, దాంతోపాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు, హిందీ, ఇంగ్లిష్ తెలిసుండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీకీ డిగ్రీ కావాలి, ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. అంటే డిగ్రీ లేకుండా ఈ రెండు తలుపులూ తెరుచుకోవు. అందుకే ఇంటర్ మార్కులు వదిలేయొద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) రాయాలనుంటే రాయనివ్వండి. కానీ నా సలహా అడిగితే, ఊరికి దూరంగా హాస్టల్‌లో బీటెక్ కన్నా, డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానం 'దోస్త్' ద్వారా హనుమకొండలోనే బీఏ మంచిది. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ ఉంది, వడ్డేపల్లిలో పింగళి మహిళా కాలేజీ ఉంది. సాయంత్రాలు చేతిలో ఉంటాయి. రేపు మనసు మారినా బీఈడీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు అన్నీ అందుబాటులోనే ఉంటాయి. వాళ్ల నాన్నకు ఈ మాట నా పేరు మీదే చెప్పండి.

సాయంత్రాలు ఏం చేయాలంటే, మన విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో గాత్రం చేర్పించండి. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆ పైన డిప్లొమా రెండేళ్లు. ప్రైవేటు క్లాసులతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. పాటలు రాసే పిల్లకు శాస్త్రీయ సంగీతం ఎందుకని అడగొచ్చు. తాళం చేతిలో ఉంటే తన పాటకు తానే నడక కట్టుకుంటుంది, ఎవరి కీబోర్డు కోసమో ఎదురుచూడదు. తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం కూడా మన దగ్గరే ఉంది. ఒగ్గుకథ, చిందు, శారదకథ లాంటి వాటి మీద పని జరిగే చోటు. కాలేజీలో చేరాక ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి. ఆకాశవాణిలో పాటకూ నాటకానికీ వేరువేరుగా ఆడిషన్లు ఉంటాయి. ప్రకటన పడినప్పుడు అప్లై చేయాలి. అక్కడ ముఖం కనిపించదు, ఒక్క గొంతే వినిపిస్తుంది. ముద్దుముఖం వల్ల పేరొచ్చిన పిల్లకు అంతకంటే మంచి బడి ఉండదు.

నాటకం విషయానికొస్తే, మొదట చూడాలి. బాలసముద్రంలో 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు. పబ్లిక్ గార్డెన్స్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఎలాగూ ఉంది. నాటకం పడిన ప్రతిసారీ తల్లీబిడ్డలిద్దరూ వెళ్లండి, చివరి వరుసలో కూర్చోండి. టీవీలో మైకు గొంతు దగ్గరే ఉంటుంది, తప్పు పోతే రీటేక్ ఉంటుంది. వేదిక మీద చివరి వరుసలోని మీ దాకా మాట రావాలి, గంటన్నర ఆగకుండా. ఆ తేడా చెవితో పట్టుకున్నాక ఒక బృందం దగ్గరికి వెళ్లమనండి. వేషం అడగొద్దు. "రిహార్సల్‌కు వస్తాను, ప్రాంప్టింగ్ చెబుతాను, బట్టలు సర్దుతాను" అని అడగాలి. ఒకటో రెండో ప్రదర్శనల కోసం నెలల తరబడి రిహార్సల్ చేస్తారు, అక్కడ చప్పట్లు ఉండవు. ఒక సంవత్సరం అలా గడిపాక కూడా సాయంత్రం ఐదు కాగానే కాళ్లు అటే పోతుంటే, ఈ పిల్ల నాటకానికి పనికొస్తుంది. విసుగొస్తే అది కూడా మంచి సమాచారమే, పాట ఎలాగూ ఉంది.

మొదటి నాలుగైదు రిహార్సళ్లకు మీరు కూడా వెళ్లి కూర్చోండి. ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఎన్ని గంటలకు వదులుతారు, ఎవరు దింపుతారు, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. మంచి బృందం ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. "ఛాన్స్ ఇస్తాం, ముందు ఇంత కట్టండి" అనే వాళ్లకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సీరియల్ అయినా, సినిమా అయినా, ఆల్బమ్ అయినా.

ఇక సొంత పాటలు. రాసి, బాణీ కట్టి, తానే పాడే వాళ్లను మనం వాగ్గేయకారులు అంటాం. తెలంగాణలో ఆ మాటకు ఇప్పటికీ బలం ఉంది. బడికి పోని అందెశ్రీ రాసిన గీతం ఈ రోజు రాష్ట్ర గీతం. గోరటి వెంకన్నకు 2021లో కవిత్వానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. గోదావరిఖని నుంచి చిన్నప్పుడే పాటతో పేరు తెచ్చుకున్న మధుప్రియ పెద్దయ్యాక సినిమాల్లో పాడింది. అంటే మన వైపు పిల్లలకు ఈ దారి ఉంది.

ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, వరంగల్ వైపు యూట్యూబ్ జానపదాలు ఎన్ని తీస్తున్నారో మీకూ తెలుసు. మీ అమ్మాయి దగ్గరికీ వస్తారు, బహుశా త్వరలోనే. అప్పుడు జాగ్రత్త. పద్దెనిమిదేళ్లు నిండే దాకా తను సంతకం పెడితే చెల్లదు, మీరే పెట్టాలి, కాబట్టి చదివి పెట్టాలి. ఇంత అని ఒకేసారి చేతిలో పెట్టి "హక్కులన్నీ మావే" అని రాయించుకుంటారు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంటుంది, దాన్ని కంపెనీకి రాసిచ్చేయడం కుదరదు. పాటలు బయటికి రావడం మొదలయ్యాక ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకుంటే ఆ రాయల్టీ వసూలు చేసిపెడుతుంది. వీడియో కింద రచన, బాణీ, గానం అని తన పేరు మూడుచోట్లా పడాలి. ఇంకో సంగతి, ఇది నాకు చాలా ముఖ్యం. బాపమ్మ దగ్గర విన్న బతుకమ్మ పాటో, నాట్ల పాటో తీసుకుని పాడితే "సేకరణ" అని వేసి, ఎవరి నోట విన్నదో ఆ పేరు రాయాలి. ఊరి పాటను సొంత రచన అని వేసుకునే అలవాటు మన దగ్గర బాగా పెరిగింది. మీ బిడ్డ ఆ దారిలో పోకూడదు.

బతుకుదెరువు గురించి అడిగారు కదా. ఉన్నదున్నట్టు చెబుతాను: తెలుగులో ఒక్క నాటకం మీదే ఇల్లు గడవడం చాలా కష్టం. నాటకాల వాళ్లు డబ్బింగ్ చెబుతారు, రేడియోలో చేస్తారు, బడుల్లో పిల్లలకు నేర్పుతారు, సీరియళ్లలో చిన్న వేషాలు వేస్తారు. తెలంగాణ వచ్చాక ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు నెల జీతాలిచ్చారు. కానీ అలాంటి పోస్టులు ఏటా పడవు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది, 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు. గురువు దగ్గర ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి. ఈ ఏడు సంగీతంలో చేరితే, గడువు లోపలే అర్హత వస్తుంది. ఇరవై ఐదు వచ్చేదాకా ఇంటి సాయం కొంత ఉండాల్సిందే, అది మీకు కుదురుతుందా లేదా అన్నది మీరిద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.

ఆ లెక్కలో ఒకటి మరిచిపోయి ఉంటారు. 2017 నిబంధనల ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో సీరియళ్లు, షోలు చేయిస్తే, వాళ్లకొచ్చే డబ్బులో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పద్దెనిమిది నిండాక అది పిల్లకే వస్తుంది. మీ ఇంట్లో ఆ రసీదు ఉందా? లేకపోతే అప్పటి అగ్రిమెంటు కాగితాలు వెతికి, నిర్మాతలకు రాసి అడగండి. సమాధానం రాకపోతే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి. అది పిల్ల సొమ్ము. మంచి ఎలక్ట్రానిక్ తంబూరా, ఒక రికార్డింగ్ మైకు దాంతో కొనుక్కోవచ్చు.

చుట్టాలు మళ్లీ "టీవీల వస్తలేదేంది" అంటే, పిల్ల జవాబు చెప్పే దాకా ఆగకండి. "చదువుకుంటోంది, పాటలు రాస్తోంది" అని మీరే చెప్పండి, పిల్ల వింటుండగా చెప్పండి. పాత వీడియో పెట్టి ఇంటికొచ్చిన వాళ్లకు చూపించడం కొన్నాళ్లు మానేయండి. వాళ్ల నాన్నకు రెండో వీడియో చూపించారా? ఆయన మగ్గం చప్పుడే కదా దాంట్లో ఉన్నది.

ఆ నోట్‌బుక్‌లో ప్రతి పాట కింద తేదీ వేయమనండి. రేపు ఎవరైనా నాది అంటే పనికొస్తుంది. ఇంకొకటి, వీడియో మొదటి చరణం దగ్గరే ఆగిపోయింది. బాపమ్మ ఏం జవాబు చెప్పిందో రెండో చరణంలో రాసిందేమో అడిగి, నాకు పంపండి.