పోల్ పాట్‌ను తరిమిన సైన్యం చేసింది తప్పా?

ప్రశ్న: మేడమ్ గారూ, నేనూ మావారూ ఈమధ్య కంబోడియా వెళ్లొచ్చాం. అంకోర్ వాట్ చూశాక రాజధాని నాంపెన్‌లో బడిని జైలుగా మార్చిన చోటు కూడా చూశాం. మా గైడ్ "1979 జనవరి 7న వియత్నాం సైన్యం రాకపోతే మా అమ్మ బతికేది కాదు, నేను పుట్టేవాణ్ణి కాదు" అన్నాడు. హోటల్లో పనిచేసే ఒక పెద్దాయన మాత్రం "ఆ రోజే మా దేశం పరాయివాళ్ల చేతిలోకి పోయింది" అన్నాడు. కారణం ఏదైనా పొరుగుదేశం మీదికి సైన్యాన్ని పంపడం తప్పేనని, ఒకసారి ఒప్పుకుంటే రేపు ప్రతి పెద్ద దేశమూ ఇదే సాకు చెబుతుందని మావారి వాదన. నాకేమో గైడ్ మాటే సరైనదనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వియత్నాం 1978 డిసెంబరు 25న సరిహద్దు దాటడం, రెండు వారాలు తిరక్కుండానే కంబోడియా నియంత పోల్ పాట్‌ను నాంపెన్ నుంచి తరమడం న్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ తర్వాత పదేళ్లకు పైగా అక్కడే తిష్ఠ వేయడాన్ని మాత్రం సమర్థించలేను. మీ గైడ్ చెప్పింది మొదటి దాని గురించి, పెద్దాయన బాధ రెండో దాని గురించి. ఈ రెంటినీ కలిపేస్తే ఎవరికో ఒకరికి అన్యాయం చేసినట్టే.

1975 ఏప్రిల్ 17న ఖమేర్ రూజ్ (పోల్ పాట్ నడిపిన కమ్యూనిస్టు పార్టీ) దళాలు నాంపెన్‌లోకి వచ్చీ రాగానే ఊరు మొత్తం ఖాళీ చేయించాయి. ఆస్పత్రుల్లో ఉన్న రోగులను కూడా వదల్లేదు. సెలైన్ సీసాలు చేత్తో పట్టుకుని, మంచాలు తోసుకుంటూ బంధువులు వాళ్లను ఊరు దాటించారు. డబ్బు, బజారు, బడి, గుడి అన్నీ రద్దయ్యాయి. వరి పండించేవాళ్లకే గంజినీళ్లు పోశారు. దాదాపు 80 లక్షల జనాభాలో నాలుగేళ్లు నిండకముందే 15 నుంచి 20 లక్షల మంది ప్రాణాలు పోయాయి. కొందరిని చంపారు, మిగతావాళ్లు ఆకలికీ జబ్బులకీ గొడ్డుచాకిరీకీ పోయారు.

మీరు చూసిన ఆ బడి తువోల్ స్లెంగ్. తరగతి గదుల్లో ఇటుకలతో కట్టిన అరలు గుర్తున్నాయా? మనిషి పడుకుంటే పక్కకి తిరగడానికి జాగా ఉండదు. ఖైదీలు పైనుంచి దూకి చచ్చిపోకుండా వరండాలకు ముళ్లకంచె అల్లారు. పిల్లలు వ్యాయామం చేసే దూలానికి మనుషులను తలకిందులుగా వేలాడదీశారు. లోపలికొచ్చిన వాళ్లకు నంబరు తగిలించి ఫొటో తీశారు. వాటిలో చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లుల ఫొటోలూ ఉన్నాయి. కనీసం 12 వేల మంది ఆ గేటు దాటి లోపలికి వెళ్లారు. 1979 జనవరిలో ప్రాణాలతో దొరికినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సైన్యం వెంట వచ్చిన ఇద్దరు వియత్నాం విలేకరులు దుర్వాసన ఎటు నుంచి వస్తోందో చూసుకుంటూ వెళ్లి ఆ చోటు కనిపెట్టారు. చివరి గంటల్లో చంపేసిన 14 మంది సమాధులు ఆ ఆవరణలోనే ఉన్నాయి.

అయితే వియత్నాం ఈ జనాన్ని కాపాడదామనే వెళ్లిందా అంటే, లేదు. ఆ దేశ కమ్యూనిస్టులే ఒకప్పుడు ఖమేర్ రూజ్‌కు ఆయుధాలిచ్చారు, శిక్షణ ఇచ్చారు. 1977 నుంచి ఖమేర్ రూజ్ సరిహద్దు దాటి వియత్నాం పల్లెల మీద పడుతూ వచ్చింది. 1978 ఏప్రిల్‌లో బా చుక్ అనే ఒక్క ఊళ్లోనే 3,157 మందిని చంపింది. అంతకుముందు ఫిబ్రవరిలో, సరిహద్దుకు చెరో వైపు 5 కిలోమీటర్లు సైన్యాలు వెనక్కి జరుగుదామని వియత్నాం అడిగితే పోల్ పాట్ ఒప్పుకోలేదు. తర్వాత ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో కూడా వియత్నాం, ఊచకోతను ఆపడానికి వెళ్లామని చెప్పలేదు. సరిహద్దులో మాది ఆత్మరక్షణ, లోపల జరిగింది కంబోడియా ప్రజల తిరుగుబాటు అని వాదించింది. ఈ రెండో మాట చాలావరకు ముసుగే. నాంపెన్ చేరింది ప్రధానంగా వియత్నాం సైన్యమే.

ఉద్దేశం స్వార్థం కాబట్టి పనే తప్పు అనే వాళ్లతో నేను ఏకీభవించను. మీ గైడ్ వాళ్లమ్మకి వియత్నాం నాయకుల మనసులో ఏముందో తెలియాల్సిన అవసరం లేదు. ఆవిడ పని చేస్తున్న శిబిరంలో కాపలావాళ్లు పారిపోయారు, ఆవిడ బతికింది. నా లెక్కలో అన్నిటికంటే పైనుండేది అదే.

ఇక ఆ పెద్దాయన సంగతి. 1971 డిసెంబరులో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయాక మన సైన్యం మరుసటి ఏడాది మార్చికల్లా వెనక్కి వచ్చేసింది. వియత్నాం కంబోడియా వదిలింది 1989 సెప్టెంబరులో. తాము నిలబెట్టిన ప్రభుత్వానికి ప్రధాని అయిన పెన్ సొవాన్ సొంతంగా ఆలోచించడం మొదలుపెట్టేసరికి 1981లో అరెస్టు చేసి తీసుకెళ్లి, పదేళ్లు వియత్నాంలోనే నిర్బంధించింది. థాయ్‌లాండ్ సరిహద్దు పొడవునా అడవి నరకడానికి, మందుపాతరలు పాతడానికి పల్లె జనాన్ని బలవంతంగా తోలారు. దీన్నే 'కె5' అనేవారు. మలేరియాతో ఎందరో పోయారు, మందుపాతరల మీద కాలుపడి ఎందరో అవిటివాళ్లయ్యారు. ఆ పెద్దాయన ఇంట్లో అలాంటి మనిషి ఎవరైనా ఉండి ఉండొచ్చు. ఆయన మాటను కొట్టిపారేయకండి.

వెంటనే వెళ్లిపోతే పోల్ పాట్ తిరిగొచ్చేవాడు కదా అంటారు. నిజమే, వచ్చేవాడు. ఎందుకంటే థాయ్ సరిహద్దులో అతనికి చోటు దొరికింది, చైనా నుంచి ఆయుధాలు అందాయి. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు సమితిలో ఓటేసి మరీ అతని ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. 1979 సెప్టెంబరులో సర్వప్రతినిధి సభ 71–35 ఓట్లతో కంబోడియా సీటు పోల్ పాట్ ప్రతినిధులకే ఇచ్చింది. అప్పటికి తువోల్ స్లెంగ్ ఫొటోలు బయటికొచ్చి నెలలైంది! ఈ మొత్తం కథలో నాకు రక్తం మరిగేది ఇక్కడే. దండయాత్ర తప్పన్న దేశాలు ఆ సీటును ఖాళీగా అయినా ఉంచొచ్చు. హవానాలో అలీన దేశాల సభ చేసింది అదే. 1980 జులైలో భారత్ నాంపెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. అప్పటి విదేశాంగ మంత్రి మన పి.వి. నరసింహారావే. వియత్నాంకు అండగా ఉన్న సోవియట్ స్నేహం కోసం చేశారని కొందరు విమర్శించారు. అందులో కొంత నిజమున్నా ఆ నిర్ణయం సరైనదే.

మీవారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2003 మార్చిలో అమెరికా ఇరాక్‌లోకి వెళ్లినప్పుడు మొదట విధ్వంసక ఆయుధాలున్నాయని అంది. అవి దొరకకపోయేసరికి సద్దాం నియంత కాబట్టి వెళ్లామనే మాట ముందుకు తెచ్చింది. సద్దాం హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు వదిలింది 1988లో. అప్పుడు అతన్ని ఆపడానికి ఏ సైన్యమూ కదల్లేదు. 15 ఏళ్ల తర్వాత ఆ శవాలను చూపించి యుద్ధానికి వెళ్లడం కంబోడియా లాంటిది కాదు. ఆ చంపడం ఈరోజు కూడా జరుగుతోందా, ఆపడానికి వేరే దారి ఏదైనా మిగిలిందా? ఎవరు సైన్యాన్ని పంపినా నేను ముందు అడిగేవి ఇవే. ఇరాక్‌లో అప్పటికి సమితి తనిఖీదారులు ఇంకా పని చేస్తూనే ఉన్నారు.

కంబోడియాలో వేరే దారి కోసం ప్రయత్నం జరగకపోలేదు. 1978లో బ్రిటన్, కెనడా, నార్వే లాంటి దేశాలు సమితి మానవ హక్కుల విభాగానికి కాందిశీకుల వాంగ్మూలాలు పంపాయి. వాటిని క్రోడీకరించిన నివేదిక తయారయ్యేసరికి 1979 జనవరి నెలాఖరైంది. మార్చిలో సమితి మానవ హక్కుల కమిషన్ దాని మీద చర్చను వాయిదా వేసింది.