డాలస్‌లో కొత్తగా దిగిన మా అబ్బాయికి, ఫుట్‌బాల్ లీగుల గురించి

చిరంజీవి నాన్నా,

సోమవారం ఆఫీసులో అందరూ అమెరికన్ ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకుంటున్నారనీ, ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో నీకేమీ అంతుచిక్కట్లేదనీ అన్నావు. ఆట రూల్స్ చూస్తూ చూస్తూ వాటంతటవే వస్తాయి. ముందు లీగ్ ఎలా నడుస్తుందో తెలుసుకో. అది తెలిస్తేనే ఏ గెలుపు ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది.

మనవాళ్లు ఐపీఎల్ అలవాటు కొద్దీ ఒకే పాయింట్ల పట్టిక కోసం వెతుకుతారు. ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ని అలా చూస్తే తల తిరుగుతుంది. మొత్తం 32 జట్లు. ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని రెండు కాన్ఫరెన్సులు. ఒక్కోదానిలో ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని నాలుగు డివిజన్లు, డివిజన్‌కి నాలుగు జట్లు. పాయింట్లు లెక్కపెట్టరు. 9-4 అంటే తొమ్మిది గెలిచి నాలుగు ఓడారని.

నువ్వు డివిజన్‌తో మొదలుపెట్టు. మొదటి నెలంతా ఆ నాలుగు జట్లనే గమనించు. డాలస్ కౌబాయ్స్‌ది ఎన్‌ఎఫ్‌సీ ఈస్ట్. తోడుగా ఫిలడెల్ఫియా ఈగల్స్, న్యూయార్క్ జెయింట్స్, వాషింగ్టన్ కమాండర్స్ ఉంటాయి. టెక్సస్ జట్టుకి ఈస్ట్‌లో ఏం పని అని అడుగుతావు. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ వచ్చి జట్లు 32 అయినప్పుడు డివిజన్లన్నీ మళ్లీ సర్దారు, కానీ ఈ నలుగురి పాత పోటీని మాత్రం విడదీయలేదు. నా లెక్కలో అది చాలా మంచి పని. ఈగల్స్ పేరెత్తితే డాలస్ వాళ్ల ముఖాలు ఎలా మారతాయో నువ్వే చూస్తావు.

కాన్ఫరెన్సులకీ మ్యాప్‌కీ సంబంధం లేదు. 1960లో ఏఎఫ్‌ఎల్ అని పోటీ లీగ్ ఒకటి మొదలైంది. 1966లో రెండూ కలవడానికి ఒప్పుకున్నాయి, 1970కి ఒకటే లీగ్ అయింది. పాత ఏఎఫ్‌ఎల్ జట్లతో పాటు ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి మూడు జట్లు అటు వెళ్తే ఏఎఫ్‌సీ తయారైంది. జెయింట్స్, జెట్స్ న్యూజెర్సీలో ఒకే స్టేడియంలో ఆడుతూ కూడా వేరువేరు కాన్ఫరెన్సుల్లో ఉన్నది ఇందుకే. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఎప్పుడూ ఆ కాన్ఫరెన్స్ విజేతకీ ఈ కాన్ఫరెన్స్ విజేతకీ మధ్యే జరుగుతుంది.

ఒక్కో జట్టుకి 17 మ్యాచులు. అందులో ఆరు సొంత డివిజన్ వాళ్లతోనే, ఒక్కొక్కరితో రెండేసి. ఆ తర్వాతి నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌కి కాన్ఫరెన్స్ నుంచి ఏడు జట్లు వెళ్తాయి: నలుగురు డివిజన్ విజేతలు, ఆ తర్వాత మంచి రికార్డున్న ముగ్గురు. ఆ ముగ్గురినే వైల్డ్ కార్డ్ అంటారు. డివిజన్ గెలిస్తే రికార్డు ఎలా ఉన్నా చోటు ఖాయం. 2010 సీజన్లో సియాటిల్ 7-9తో డివిజన్ గెలిచింది. 11-5తో ఉన్న న్యూ ఆర్లీన్స్ జట్టే సియాటిల్‌కొచ్చి ఆడాల్సొచ్చింది, పైగా ఓడిపోయింది. ఇది అన్యాయమనే వాళ్లున్నారు. నాకైతే పక్కింటి వాణ్ణి ఓడించినందుకు అంత విలువ ఉండాలనే అనిపిస్తుంది.

ఎంత ఓడినా కింది లీగ్‌కి దింపేయడం ఉండదు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ ఏప్రిల్‌లో జరుగుతుంది, అందులో అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి కుర్రాణ్ణి ఎంచుకునే అవకాశం ఇస్తారు. జీతాల మీద కూడా అందరికీ ఒకటే పరిమితి. అందుకే ఈ ఏడు కుదేలైన జట్టుని తీసిపారెయ్యకు.

ఆ కుర్రాళ్లు వచ్చేది కాలేజీల నుంచి. శనివారాలు కాలేజీలవి. అక్కడ కాన్ఫరెన్సుల పేర్లు నమ్మకు. బిగ్ టెన్‌లో 18 యూనివర్సిటీలున్నాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్ 2024లో బిగ్ 12 వదిలి ఎస్‌ఈసీ అనే మరో కాన్ఫరెన్సులో చేరారు. ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్‌కి 12 జట్లని ఒక కమిటీ కూర్చుని ఎంపిక చేస్తుంది. కాబట్టి డిసెంబరులో మాకు చోటివ్వలేదని గొడవలు వినబడతాయి. ఇదంతా మొదటి ఏడాదే ఒంటపట్టించుకోవాలని టెన్షన్ పడకు.

శుక్రవారం రాత్రి హైస్కూళ్లది. 1961 నాటి చట్టం ఒకటి ఉంది. సీజన్లో చాలా వారాలు శుక్రవారం రాత్రీ, శనివారం ఎన్‌ఎఫ్‌ఎల్ టీవీలోకి రాకుండా అది అడ్డుకుంటుంది, చిన్నవాళ్ల ఆటకి జనం తగ్గిపోకూడదని. వీలు చూసుకుని ఒక శుక్రవారం డాలస్ దగ్గరి అలెన్ ఊరికి వెళ్లు. అక్కడి హైస్కూల్ స్టేడియంలో 18,000 మంది పడతారు. టికెట్ కూడా ఎన్‌ఎఫ్‌ఎల్‌తో పోలిస్తే చాలా చవక.

డిసెంబరు చివరికి ఇద్దరి రికార్డులూ సమానమైతే ఎవరు ముందు అనే ప్రశ్న వస్తుంది. ఒకే డివిజన్ వాళ్లయితే ముందు వాళ్లిద్దరి మధ్య జరిగిన మ్యాచులు చూస్తారు. ఆపైన లెక్క చాంతాడంత ఉంటుంది. అక్కడిదాకా వచ్చాక ఫోన్ చెయ్యి, పట్టిక ముందు పెట్టుకుని ఇద్దరం లెక్కేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న